మన్యం పిల్లలకు సైకాలజీ ఎందుకంటారా?

అరకులోనో పాడేరులోనో డిగ్రీ చదివే పిల్లలకి మనస్తత్వ శాస్త్రం చెప్పాలని ఎవరైనా అన్నారనుకోండి, మొదట వినిపించేది నవ్వు. ఆ తర్వాత మూడు గొంతులు. వారాంతానికి కారేసుకొచ్చిన పెద్దమనిషి, "వీళ్ళకి సైకాలజీ ఏంటండీ, హాయిగా బతుకుతున్నారు. టెన్షన్లన్నీ మనకే" అంటాడు. ఫైలు చేతిలో ఉన్న అధికారి, "ముందు రోడ్డు, నీళ్ళు, సెల్ టవరు చూడనివ్వండి. మనసు సంగతి తర్వాత" అంటాడు. అమ్మాయి తండ్రి అడిగేది ఒక్కటే: "చదివితే ఉద్యోగమొస్తాదా బాబూ?" ఈ మూడో ప్రశ్న మీద నాకు గౌరవం ఉంది, దాని దగ్గరికి వస్తాను. మొదటి రెండు మాటల మీద లేదు.

ఎందుకంటే, కొండమీద సైకాలజీ అక్కర్లేదనే ఈ ఇద్దరూ పొద్దస్తమానం చేస్తున్నది సైకాలజీయే. గిరిజనులు అమాయకులు, మొండివాళ్ళు, రేపటి గురించి ఆలోచించరు, ఎవరేం చెప్పినా నమ్మేస్తారు, డాక్టరు చెప్పింది మాత్రం నమ్మరు. ఇవన్నీ మనిషి మనసు ఎలా పనిచేస్తుందో చెప్పే తీర్మానాలు కావా? పథకాలు వీటి మీదే నడుస్తాయి. బడులు వీటి మీదే నడుస్తాయి. సంతలో సావుకారి బేరం వీటి మీదే నడుస్తుంది. పుస్తకం తెరవకుండా, పరీక్షించకుండా, ఎదుటి మనిషిని ఒక్క ముక్క అడక్కుండా చేసే సైకాలజీ ఇది. మన్యంలో దానికేమీ కొరత లేదు. అది కొండవాళ్ళ చేతిలో లేదు, అంతే. నా గొడవంతా దాని గురించే.

ముందు ఆ హాయి సంగతి చూద్దాం. అరకు వచ్చినవాళ్ళు అద్దాల బోగీలో సొరంగాలు దాటి, బొర్రా గుహలు చూసి, బొంగు చికెన్ తిని, రాత్రి రిసార్టులో మంట చుట్టూ థింసా చూస్తారు. ఆడేవాళ్ళు నవ్వుతూనే ఆడతారు. ఇంతకి ఇంత అని మాట్లాడుకున్న ఆటలో నవ్వు కూడా కూలిలో భాగమే. చైత్రమాసం ఇటుకల పండగకి వాళ్ళు వాళ్ళ కోసం ఆడుకునే ఆట వేరు, దానికి టిక్కెట్టు లేదు. విశాఖలో హోటలు సర్వరు నవ్వుతూ వడ్డించాడని అతనికి అప్పులు లేవనుకునేవాడు ఎవడూ ఉండడు. అరకులో మాత్రం అరగంట ఆట చూసి జాతి మొత్తానికి మనశ్శాంతి సర్టిఫికెట్టు రాసిచ్చేస్తాం.

లెక్కలు అడుగుతారేమో. 2015–16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని, జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేల్చింది. అది 12 రాష్ట్రాల్లో జరిగిన సర్వే. ఆ పన్నెండింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. కాబట్టి మన్యంలో మనోవేదన లేదనేవాడి దగ్గరున్నది ఆ సర్వే లెక్క కాదు, నమ్మకం. మూఢనమ్మకం అందామంటే, ఆ మాట మనం కొండవాళ్ళకి తప్ప ఇంకెవరికీ వాడం.

ఇంతకీ అక్కడ వేదన లేకపోవడానికి కారణం ఏముందని? 2021లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన్ పేరుతో విశాఖ ఏజెన్సీలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికేశారు. నరకాల్సిందే, నాకు అభ్యంతరం లేదు. కానీ గంజాయి మూటలు మోసి పట్టుబడ్డ కుర్రాళ్ళున్నారు. బెయిలంటే ఏమిటో తెలియని వాళ్ళ తల్లులున్నారు. మొక్కల లెక్క ఎకరాల్లో వచ్చింది, ఈ మనుషుల లెక్క రాలేదు.

కొండవాళ్ళని కొలవడం మనకి కొత్తా అంటే, కాదు. ఎడ్గార్ థర్స్టన్ అనే మద్రాసు మ్యూజియం దొర 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చేయించాడు. పరికరం పట్టుకుని ఊరూరా మనుషుల ముక్కులు కొలిచిన మనిషాయన. ముక్కు కొలిస్తే మనిషి తెలుస్తాడన్నది ఆనాటి శాస్త్రం. అదే రోజుల్లో ఇంకొక ఇంగ్లీషువాడు, రివర్స్, ఇంకొంచెం వివేకంగా నడిచాడు. 1898లో టోరెస్ జలసంధి దీవులకి, ఆ తర్వాత 1901–02లో మన నీలగిరుల తోడాల దగ్గరికి పోయి చూపు, రంగుల గుర్తింపు పరీక్షించాడు. అడవి మనుషులకి పుట్టుకతోనే డేగచూపు ఉంటుందని అప్పట్లో అందరూ అనుకునేవారు. దీవులవాళ్ళ చూపులో చెప్పుకోదగ్గ అద్భుతమేమీ లేదని, ఎక్కడ ఏం చూడాలో వాళ్ళకి అలవాటుగా తెలుసునని ఆయన తేల్చాడు. తేల్చి నూట పాతికేళ్ళు దాటింది. ఈనాటికీ "వీళ్ళ కళ్ళు డేగ కళ్ళండీ" అనే మెచ్చుకోలు అరకు రోడ్డు మీద వింటూనే ఉంటాం. నేర్చుకున్న నేర్పుని పుట్టుకకి ముడిపెట్టడమే ఆ మెచ్చుకోలు. పొగిడినట్టూ ఉంటుంది, చదువు అవతల పెట్టినట్టూ ఉంటుంది.

ఇక రోడ్డు ముందు, మనసు తర్వాత అనే వాదం. రోడ్డు వద్దన్నవాడెవడు? గర్భిణిని డోలీ కట్టి కిలోమీటర్ల కొద్దీ మోసుకొస్తున్న కొండల్లో రోడ్డు మీద రెండో అభిప్రాయం ఉండదు. నేను కాదంటున్నది ఆ వరసని. తమిళనాడులో 54 ఊళ్ళలో 464 మంది చెరుకు రైతుల మీద జరిగిన ఒక పరిశోధన 2013లో అచ్చయింది. అదే రైతుని కోతకి ముందు, చేతిలో డబ్బు లేనప్పుడు ఒకసారి, కోతయ్యాక చేతిలో డబ్బు ఆడుతున్నప్పుడు ఒకసారి పరీక్షించారు. ఆలోచనకి పెట్టిన చిక్కుల్లో కోతకి ముందు వెనకబడ్డ మనిషే కోత తర్వాత మెరుగ్గా చేశాడు. తెలివి మారలేదు. లేమి బుర్రలో చోటు ఆక్రమించుకుంది, అంతే. ఇప్పుడు పాడేరు వైపు రండి. పసుపు ఇంకా భూమిలో ఉండగానే సావుకారి దగ్గర అడ్వాన్సు పట్టుకుని, అతను చెప్పిన రేటుకి తల ఊపే రైతుని చూసి "రేపటి ఆలోచన లేదు" అంటాం. రేపటి గురించి తప్ప వేరే ఆలోచన లేకే అతను తల ఊపాడు. ఈ తేడా తెలియని అధికారి వేసిన రోడ్డు మీద మొదట ఎక్కేది సావుకారి వ్యానే.

మూఢనమ్మకాల మాట ఎత్తకుండా ఈ చర్చ ఎక్కడా ముగియదు కాబట్టి అదీ ఎత్తుదాం. చిల్లంగి, అంటే చేతబడి, నెపంతో హత్యలు ఈ కొండల్లో జరుగుతున్నాయి. దాచడానికి లేదు, సమర్థించడానికి అంతకన్నా లేదు. ఒక ఇంట్లో పిల్ల జ్వరంతో పోతుంది, నెల తిరక్కుండా పక్కింట్లో ఇంకొకరు. ఊళ్ళో వేలు ఎవరో ఒకరి వైపు తిరుగుతుంది. హత్య అయ్యాక పోలీసులు వస్తారు, ఆ వెనకే అవగాహన సదస్సు. షామియానా, ఫ్లెక్సీ, మైకులో పుస్తక భాష తెలుగు, చివర్లో టీ బిస్కెట్లు. చేతబడి లేదు, నమ్మకండి అని చెప్పి జీపెక్కుతారు. పిల్ల ఎందుకు పోయిందో చెప్పకుండా కారణాన్ని మాత్రం లాక్కుపోతే, ఆ ఖాళీలో ఊరు ఏం పెట్టుకోవాలి?

భయానికి కారణం కావాలి, దొరక్కపోతే మనిషి తయారు చేసుకుంటాడు. ఈ సంగతి తెలుసుకోవడానికి విదేశం పోనక్కర్లేదు. 1934 బిహార్ భూకంపం తర్వాత పాట్నాలో జమునా ప్రసాద్ అనే అధ్యాపకుడు పుకార్లు పోగేశాడు. నేల కదిలినా ఇళ్ళు కూలని చోట్ల, ఇంతకన్నా పెద్ద ఉపద్రవం రాబోతోందన్న పుకార్లు చెలరేగాయి. దెబ్బ తగల్లేదు గానీ వణుకు తగ్గలేదు, ఆ వణుకుకి సరిపడా కథ కావాలి. ఫెస్టింజర్ అనే అమెరికన్ 1957లో వేసిన పెద్ద సిద్ధాంతానికి ఈ బిహార్ పుకార్లు ఒక ఆనుపు. తన మనుషుల మధ్య నిలబడి, వాళ్ళని వెక్కిరించకుండా విని రాసుకున్న ఒక స్థానికుడి పని అది. చిల్లంగి మీద అలాంటి పని చేయాలంటే ఎవరి మీద నింద పడుతోంది, ఏ చావు తర్వాత పడుతోంది, ఆ నింద కింద ఏ పొలం గట్టు తగాదా ఉంది అని ఓపిగ్గా అడగాలి. సదస్సుకి వచ్చిపోయేవాడికి ఈ జవాబులు ఎవరూ చెప్పరు.

ఊళ్ళో మంత్రవైద్యం చేసే దిసారి విషయమూ అంతే. జబ్బుపడ్డవాణ్ణి ముందు దిసారి దగ్గరికి తీసుకుపోతారు, పీహెచ్‌సీకి తర్వాత. ఇది అజ్ఞానమని ఒకరు, గొప్ప సంప్రదాయమని ఒకరు. ఇద్దరూ వెళ్ళి చూడరు. తమిళనాడులో మానసిక రోగులు ఉండిపోయే ఒక గుడిలో బెంగళూరు నిమ్హాన్స్ పరిశోధకులు 31 మందిని గమనించి 2002లో ప్రచురించారు. మందులేమీ లేకుండా, ఇంటివాళ్ళు పక్కన ఉండగా, కొన్ని వారాల్లో వాళ్ళ లక్షణాల స్కోరు సుమారు 20 శాతం తగ్గింది. అదే తమిళనాడులో ఎర్వాడి దర్గా దగ్గర 2001 ఆగస్టు 6న పాక అంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు కాలిపోయారు. దేవుడి చోటు అన్నంత మాత్రాన ఒకటి మంచిదీ కాదు, ఇంకొకటి చెడ్డదీ కాదు. దిసారి చేసేదాంట్లో ఏది మనిషికి ధైర్యమిస్తోంది, ఏది ఆస్పత్రికి పోనివ్వకుండా ప్రాణం తీస్తోంది అని విడదీసి చూడాలి. చూడగలిగేది ఆ ఊళ్ళో పుట్టి, ఆ భాష మాట్లాడుతూ, ఈ శాస్త్రం చదివిన మనిషి. మరి మనం వద్దంటున్నది ఆ మనిషినే.

ఇక్కడో చిన్న ముచ్చట. అరకుకి 115 కిలోమీటర్ల కింద ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ కోనేరు రామకృష్ణారావు గారు 1967లో పారాసైకాలజీ విభాగం పెట్టారు. దూరం నుంచి మనసులు చదవడం, జరగబోయేది ముందే తెలియడం వంటి వాటి మీద పరిశోధన. ఆయనకి 2011లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఫలితాల మీద వాదులాడుకోవచ్చు గానీ ఆయన ఆ ప్రశ్నని పరీక్షకి పెట్టారు, అది శాస్త్రం చేసే పనే. నేననేదల్లా ఇదే. జరగబోయేది నాకు తెలుస్తుందని దిసారి అంటే మూఢత్వం, అదే మాట సముద్రపు ఒడ్డున పరీక్షకి కూర్చుంటే పరిశోధన. అడగదగ్గ ప్రశ్న ఎవరి నోట్లోంచి వచ్చినా అడగదగ్గదే.

ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసినవాళ్ళని కదిపితే ఇలాంటి కథ ఒకటి వస్తుంది. సాయంత్రం ప్రార్థన వేళ ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి వణికి కింద పడుతుంది. కళ్ళు తేలేస్తుంది, పళ్ళు బిగిస్తుంది. ముఖాన నీళ్ళు కొట్టి మంచం మీదికి చేర్చేలోగా పక్క వరసలో ఇంకొకతి. రాత్రి భోజనాల వేళకి అయిదారుగురు. ఏఎన్‌ఎం వచ్చి బీపీ చూస్తుంది, బాగానే ఉంటుంది. ఓఆర్ఎస్ కలిపి ఇస్తుంది. వంటావిడ హాస్టలు వెనక చింతచెట్టు సంగతి ఎత్తుతుంది. పరీక్షలు తప్పించుకోడానికి నాటకాలు అంటారు ఒక టీచరు. మర్నాడు తల్లిదండ్రులు వచ్చి పిల్లల్ని తీసుకుపోతారు. కొందరు తిరిగొస్తారు, కొందరి చదువు అక్కడితో సరి.

ఇది దెయ్యమూ కాదు, నాటకమూ కాదు. భయం, ఇంటిబెంగ, నిద్రలేమి గూడుకట్టిన చోట ఒకరిని చూసి ఒకరి ఒళ్ళు స్వాధీనం తప్పడం. ప్రపంచమంతా బళ్ళలో, ఫ్యాక్టరీల్లో నమోదైన సంగతి. 1962లో టాంగన్యీకాలో కషాషా అనే ఊళ్ళో ఆడపిల్లల హాస్టలు బడిలో ఇలాగే నవ్వు అంటుకుంది. ఆపలేక బడే మూసేశారు. ఇలాంటప్పుడు చేయాల్సింది గుంపు కట్టనివ్వకపోవడం, తిట్టకపోవడం, మొదట పడిన పిల్లతో ఎవరైనా తీరిగ్గా కూర్చుని మాట్లాడటం. ఏ భాషలో మాట్లాడతారు? ఆ పిల్ల ఇంట్లో కువి. లేదంటే ఆదివాసీ ఒడియా, లేదంటే పోర్జా. భయాన్ని పరాయి భాషలో చెప్పుకోమంటే ఏ పిల్ల చెబుతుంది? గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవరలకి చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తానే సవర నేర్చుకున్నారు. ఆ భాష మీద ఆయన రాసిన గ్రంథాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చేసింది. అది అయ్యి తొంభై ఏళ్ళు దాటినా మనం కౌన్సెలర్ని కింద నుంచే పంపిద్దామంటున్నాం.

ఉద్యోగం మాటకొస్తాను. తండ్రి అడిగింది న్యాయమైన ప్రశ్న, దానికి అబద్ధం చెప్పకూడదు. డిగ్రీలో సైకాలజీ చదివినంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్టు అయిపోరు. పీజీ, ఆపైన శిక్షణ, పునరావాస మండలిలో నమోదు, ఇదంతా పెద్ద దారి. కానీ కొండమీది కాలేజీలో ఇప్పుడున్న హిస్టరీ, ఎకనామిక్స్, బోటనీ డిగ్రీ పట్టా చేతికిచ్చి ఏ ఉద్యోగానికి పంపుతున్నాయి? ఏ గ్రూపు తీసుకున్నా చివరికి చాలామంది కూర్చునేది టెట్, డీఎస్సీకే. కోచింగుకని అవనిగడ్డలో గది అద్దెకి తీసుకుని, చేతిలో గైడు పట్టుకుని. ఆ గైడులో ఏముంది? శిశు వికాసం, 150 మార్కుల్లో 30 మార్కులు. పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, కోహ్లర్ చింపాంజీ సుల్తాన్. చింపాంజీ పేరు దగ్గర్నుంచి మన పిల్లలకి కంఠతా వచ్చు. అంటే సైకాలజీ కొండెక్కి చాలాకాలమైంది, బిట్ల రూపంలో. దాన్ని చదువుగా చెప్పండి అంటే మాత్రం నవ్వొస్తోంది.

ఆ బిట్లలో పియాజే ఉంటాడు. పొట్టి గ్లాసులో నీళ్ళు పొడుగు గ్లాసులో పోస్తే ఎక్కువయ్యాయా అని అడిగితే, చిన్నపిల్లలు ఎక్కువయ్యాయంటారు. గైడు అంతవరకే చెబుతుంది. ప్యాట్రీషియా గ్రీన్‌ఫీల్డ్ సెనెగల్ పల్లెల్లో చేసిన పని 1966లో వచ్చింది. బడికి పోని పిల్లలు కొంచెం పెద్దయ్యాక కూడా నీళ్ళు మారాయనే అన్నారు. ఎందుకంటే, "నువ్వు పోశావు కాబట్టి" అన్నారు. ఆ తెల్లావిడ చేతిలో ఏదో మహిమ ఉందనుకున్నారు. అప్పుడు నీళ్ళు పిల్లల చేతనే పోయించింది. చాలామంది సరైన జవాబు చెప్పేశారు. తెలివి అక్కడే ఉంది, ఎదురుగా నిలబడ్డ పెద్దమనిషిని చూసి అది నోరు మూసుకుంది. ఈ ఒక్క ప్రయోగం అర్థమైన టీచరు ఏకోపాధ్యాయ పాఠశాలలో నోరు విప్పని కోదు తెగ పిల్లని "మందబుద్ధి" అని రాసెయ్యడు. షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచరు పోస్టులన్నీ గిరిజనులకే అన్న 2000 నాటి మూడో నంబరు జీవోని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేశాక, ఆ బడిలో నిలబడేది స్థానికుడే అవుతాడన్న హామీ కూడా పోయింది. అందుకే చెబుతున్నాను.

ఉద్యోగాలు లేవంటున్నవాళ్ళే ఉద్యోగాలు సృష్టించాల్సినవాళ్ళు, ఇది కూడా గుర్తు పెట్టుకోవాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం చికిత్స పొందడం ప్రతి మనిషికీ హక్కు అంది. 2022 అక్టోబరు నుంచి 14416 నంబరుకి ఫోను చేస్తే టెలీమానస్‌లో తెలుగులో మాట్లాడతారు. మంచిదే. సిగ్నలు దొరకని గూడెంలో, తెలుగు రాని ముసలమ్మకి ఆ హక్కు ఎవరు అందిస్తారు? ఆశ్రమ పాఠశాలకొక మనిషి, పీహెచ్‌సీకొక మనిషి అని లెక్క వేసుకున్నా పోస్టులకి కొదవేమీ ఉండదు.

ఇప్పుడున్న సిలబస్ తెచ్చి కొండమీద పడేయమని మాత్రం నేననడం లేదు. 2003–07 మధ్య పేరున్న అమెరికా సైకాలజీ పత్రికల్ని తిరగేస్తే, పరీక్షకి కూర్చున్నవాళ్ళలో 96 శాతం ప్రపంచ జనాభాలో 12 శాతం ఉన్న సంపన్న దేశాలవాళ్ళేనని తేలింది. అమెరికా కాలేజీ కుర్రాడి మనసుకి మానవ మనసు అని పేరు పెట్టుకున్న శాస్త్రానికి మన్యం ఎంత అవసరమో, మన్యానికి ఆ శాస్త్రం అంతే అవసరం. 1960లలో లైబీరియాలో కుప్ప చూపించి ఇందులో ఎన్ని కప్పుల బియ్యం ఉంటాయని అడిగితే, చదువురాని క్పెల్లె తెగ రైతులు దాదాపు సరిగ్గా చెప్పారు. చదువుకున్న అమెరికన్లు ఘోరంగా తప్పారు. అరకు సంతలో రాజ్‌మా చిక్కుళ్ళ బుట్ట ముందేసుకుని కూర్చున్న ఆడమనిషిని చూడండి. కొనేవాడు కుంచం నిండా కొలిచి, పైన గోపురం కట్టి, ఒక గుప్పెడు "కొసరు" అని లాగేలోపు ఆవిడ కళ్ళతో ఎంత పోయిందో కట్టేస్తుంది. ఆ సంగతి ఆవిడ నోటితో అనదు. ఎందుకు అనదు? తూకం తెలియకా, వాదిస్తే వచ్చే వారం కొనడేమోనన్న భయమా, అడ్వాన్సు బాకీనా? ప్రాక్టికల్ రికార్డులో మొదటి ప్రయోగంగా ఇది పెట్టమంటాను. గీతల బొమ్మలు, స్టాప్‌వాచీలు తర్వాత చూసుకోవచ్చు.

దీనికి కావాల్సింది ఒక లెక్చరర్ పోస్టు, ఒక గది, సంత రోజున క్లాసుని సంతకి తీసుకుపోయే అనుమతి. ఏటా అవగాహన సదస్సుల ఫ్లెక్సీలకే ఇంతకన్నా ఎక్కువ పోస్తున్నామని నా అనుమానం. మొదట్లో ఆ లెక్చరరు మైదానం నుంచి వచ్చినవాడైనా సర్దుకోవచ్చు. అయిదారేళ్ళకి ఆ కుర్చీలో కువి వచ్చిన మనిషి కూర్చోకపోతే మాత్రం నేనే ఆ డిపార్టుమెంటు మూసెయ్యమని రాస్తాను.